పాత బైక్‌ని కస్టమర్ కోసం రెడీ చేస్తున్నారా? వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు విధానం

కస్టమర్ ఎప్పటిదో జావానో బుల్లెట్టో తెచ్చి షెడ్డులో పెడతారు. "నాకు నచ్చినట్టు తయారు చేయండి, వింటేజ్ నంబర్ కూడా ఇప్పించండి" అంటారు. ఈ రెండు కోరికలూ ఒకే బండి మీద కుదరవు. వింటేజ్ అనేది మన మోటారు వాహనాల నిబంధనల్లో ఒక హోదా. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉన్న బండికే అది దక్కుతుంది. ఫ్రేమ్ కోసి బాబర్‌గా (మడ్‌గార్డులు కత్తిరించి, అదనపు సామాను తీసేసిన కస్టమ్ బైక్‌గా) మార్చిన బండికి 60 ఏళ్లు నిండినా ఆ హోదా రాదు. అందుకే అడ్వాన్స్ తీసుకునే ముందే కస్టమర్‌ని కూర్చోబెట్టి ఏ దారి కావాలో తేల్చుకోండి. పని సగం అయ్యాక ఈ మాట చెప్తే గొడవే.

ఏ బండి వింటేజ్ అవుతుంది

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 81ఎ నుంచి 81జి వరకు కొత్త నిబంధనలను కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జులైలో చేర్చింది. వాటి ప్రకారం ద్విచక్ర వాహనమైనా, నాలుగు చక్రాలదైనా, మొదటిసారి రిజిస్టరైన తేదీ నుంచి 50 ఏళ్లు దాటి ఉండాలి. విదేశం నుంచి తెప్పించిన బండికీ ఇదే లెక్క. అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్‌, బాడీ, ఇంజిన్‌ల స్వరూపం మార్చేసి ఉండకూడదు.

వయసు దగ్గరే చాలామంది పొరబడతారు. లెక్కలోకి వచ్చేది తయారైన ఏడాది కాదు, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ. 1974లో తయారై 1977లో రిజిస్టరైన బండికి 1977 నుంచే లెక్క. యెజ్డీ రోడ్‌కింగ్ 1978లో వచ్చింది కాబట్టి 2028కి ముందు ఏ రోడ్‌కింగ్‌కీ ఈ అర్హత రాదు. 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350 అయితే 2033 దాకా ఆగాలి. ఎంత అరుదైన బండైనా, ఎంత ధర పలికినా దీనికి మినహాయింపు లేదు. మైసూరులో తయారైన 1960ల నాటి జావాలు, మద్రాసు ఫ్యాక్టరీ తొలినాళ్ల బుల్లెట్లు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇక్కడే ఉండిపోయిన బీఎస్ఏ ఎం20, నార్టన్ 16హెచ్, మ్యాచ్‌లెస్ జీ3ఎల్ లాంటివి మాత్రం వయసు విషయంలో నిశ్చింతగా గట్టెక్కుతాయి.

అసలు చిక్కంతా "అసలు రూపం" దగ్గర వస్తుంది. పిస్టన్ అరిగితే బోర్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయడం, బేరింగులు, రింగులు, వాల్వులు మార్చడం, క్లచ్ ప్లేట్లు వేయడం మామూలు మరమ్మతులే. ఆ ఇంజిన్ ఆ ఇంజిన్‌గానే ఉంటుంది. అదే బండికి వేరే కంపెనీ ఇంజిన్ ఎక్కించినా, 350 ఫ్రేములో 500 ఇంజిన్ కూర్చోబెట్టినా హోదా పోయినట్టే. ఫ్రేమ్ వెనక లూప్ కోయడం, స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం) పొడిగించడం, ఫోర్క్ కోణం మార్చడం కూడా అంతే.

మధ్యలో ఉండే పనులు కొన్ని ఉంటాయి. 6 వోల్టుల కరెంటుని 12 వోల్టులకు మార్చడం, ముందు చక్రానికి డిస్క్ బ్రేక్ బిగించడం, స్పోక్ చక్రాలు తీసి అల్లాయ్ వేయడం లాంటివి. వింటేజ్ నంబరే లక్ష్యమైతే ఇవేవీ చేయొద్దనే నేను చెప్తాను. 6 వోల్టుల దీపం మసకగా వెలిగినా, వైరింగ్ కొత్తగా లాగి, ఎర్త్ పాయింట్లు శుభ్రం చేసి, రెగ్యులేటర్ సరిచేస్తే చక్కగా పనిచేస్తుంది. డ్రమ్ బ్రేకుకి మంచి లైనర్లు వేసి డ్రమ్ లోపలి అంచు లేత్ మీద సరిచేయిస్తే ఆ వేగానికి అది చాలు. అధికారి ముందు వాదించాల్సిన పరిస్థితే రాదు.

కస్టమర్‌కి కస్టమ్ లుక్కే కావాలంటే

అప్పుడు వింటేజ్ మాట మరిచిపోయి మామూలు ఆర్‌సీతోనే వెళ్లాలి. అక్కడా హద్దులున్నాయి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక కేరళ కేసులో ఇదే తేల్చి చెప్పింది. 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఆ శిక్ష పడేది బండి ఓనర్‌కి. అంటే మనం చేసిన పనికి కస్టమర్ ఇరుక్కుంటారు. దీన్ని బిల్డర్లందరూ గుర్తుపెట్టుకోవాలని గట్టిగా కోరుకుంటున్నాను.

సీటు, గ్రిప్పులు, అద్దాలు, పెయింట్ డిజైన్, క్రోమ్ పని లాంటివాటితో బండి నిర్మాణం మారదు. ఆర్‌సీలో రంగుకి ఒక గడి ఉంటుంది కాబట్టి రంగు పూర్తిగా మారిస్తే ఆర్టీఓ ఆఫీసులో ఆ గడినీ మార్పించండి. ఇంజిన్ పాడై అదే మోడల్‌ది మరొకటి వేయాల్సి వస్తే ముందు అనుమతి తీసుకుని, వేశాక 14 రోజుల్లో తెలియజేసి, ఆర్‌సీలో కొత్త ఇంజిన్ నంబర్ ఎక్కించాలి. పాత ఇంజిన్ ఏమైందో, కొత్తది ఎక్కడ కొన్నారో చూపే బిల్లులు దాచి ఉంచండి. ఆర్‌సీ గడువు ముగిసి ఉంటే ఫారం 25తో రెన్యువల్‌కి పెట్టి, బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి చూపించాలి.

ఇక కొత్త ఫ్రేమ్ వెల్డింగ్ చేసి, దాని మీద పాత నంబర్ గుద్ది, పాత ఆర్‌సీతో నడిపిస్తామనే వాళ్లున్నారు. అది నేరం. అలాంటి పని ఒప్పుకోవద్దు. నంబర్ అరగదీసి మళ్లీ గుద్దితే ఫోరెన్సిక్ ల్యాబులో రసాయనం పూసి కింద ఉన్న పాత నంబర్‌ని బయటికి తీయగలరు.

స్పానర్ పట్టే ముందు నంబర్లు చూడండి

మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇది. ఛాసిస్ నంబర్ చాలా బైకుల్లో స్టీరింగ్ హెడ్ దగ్గర, ఇంజిన్ నంబర్ క్రాంక్‌కేస్ మీద గుద్ది ఉంటుంది. కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో జిడ్డు తుడిచి, మెత్తని ఇత్తడి బ్రష్‌తో నెమ్మదిగా రుద్దండి. గ్రైండర్ గానీ గరుకు ఎమరీ గానీ దగ్గరికి రానివ్వకండి. అక్షరాలు తేలాక పల్చని కాగితం పెట్టి పెన్సిల్ అడ్డంగా పట్టి రుద్దితే ప్రింట్ వస్తుంది. అలాంటివి మూడు నాలుగు తీసి పెట్టుకోండి, ఆఫీసులో అడుగుతారు. పక్కన స్కేలు పెట్టి ఫొటోలు కూడా తీయండి.

తర్వాత ఆ ప్రింట్‌ని ఆర్‌సీతో ఒక్కో అక్షరం పోల్చండి. పాత ఆర్‌సీ పుస్తకాల్లో చేత్తో రాసినవే ఎక్కువ. 1ని 7గా, బిని 8గా రాసేసిన సందర్భాలు మామూలే. తేడా కనిపిస్తే అప్పుడే, బండి విప్పకముందే, ఆర్టీఓకి రాతపూర్వకంగా చెప్పి సరిచేయించుకోవాలి. విప్పి పెయింట్ వేశాక చెప్తే నమ్మకం కుదరదు.

పౌడర్ కోటింగ్‌కి పంపేటప్పుడు నంబర్ ఉన్న చోట వేడికి తట్టుకునే టేప్ అంటించమని రాసి మరీ పంపండి. శాండ్‌బ్లాస్టింగ్‌లో సన్నని అక్షరాలు అరిగిపోతాయి, ఆపైన దట్టమైన కోటింగ్ పడితే గుంతలు నిండిపోతాయి. ఎంతో శ్రద్ధగా చేసిన ఫ్రేమ్ మీద నంబర్ కనిపించక ఇన్‌స్పెక్షన్‌లో వెనక్కి పంపితే ఆ బాధ ఇంతా అంతా కాదు.

అలాగే జాతీయ నేర రికార్డుల బ్యూరో ఆన్‌లైన్‌లో ఇచ్చే వాహన ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) సదుపాయంలో బండి నంబర్లు కొట్టి, దొంగ బండ్ల జాబితాలో లేదని చూసుకోండి. పాత సామాన్ల అంగట్లో కొన్న ఇంజిన్‌కి ఇది మరీ అవసరం.

పేరు ఎవరిది

దరఖాస్తు ఓనర్ పేరు మీదే పడాలి, బిల్డర్ పేరు మీద కాదు. పాత బైకులు నాలుగు చేతులు మారినా ఆర్‌సీలో మొదటి మనిషి పేరే మిగిలి ఉంటుంది. ముందు ఫారం 29, ఫారం 30లతో ఓనర్‌షిప్ బదిలీ చేయించాలి. తాతగారి బండి అయితే ఫారం 31తో పాటు మరణ ధ్రువపత్రం, వారసుల పత్రాలు కావాలి. మిగతా వారసుల అంగీకారం కూడా తీసుకోవడం మంచిది. వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 ప్రకారం ఎన్ఓసీ తెప్పించుకోవాలి. ఆర్‌సీ పోయి ఉంటే పోలీసులకు ఫిర్యాదు చేసి, ఆ కాపీతో ఫారం 26 కింద డూప్లికేట్ ఆర్‌సీకి పెట్టాలి. మూడక్షరాల పాత నంబర్ల రికార్డులు చాలావాటికి కంప్యూటర్‌లోకి ఎక్కలేదు, కాబట్టి మొదట రిజిస్టర్ చేసిన ఆఫీసుకి వెళ్లి బ్యాక్‌లాగ్ ఎంట్రీ (పాత రికార్డుని కంప్యూటర్‌లోకి ఎక్కించడం) చేయమని అడగాల్సి రావచ్చు. దీనికే ఎక్కువ రోజులు పడుతుంది. ఇంజిన్ పని నడుస్తుండగానే ఈ పని మొదలుపెట్టించండి.

సైన్యం వేలంలో కొన్న బండికి రక్షణ శాఖ అధికారి ఇచ్చిన ఫారం 21 అమ్మకపు పత్రం ఉండాలి. అది లేకుండా "ఆర్మీ బండి" అని చెప్తే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

వింటేజ్ దరఖాస్తు ఇలా

పేరు, నంబర్లు సరిగ్గా కుదిరాక మిగిలింది తేలికే. దరఖాస్తు ఫారం 20లో ఉంటుంది. పరివాహన్ పోర్టల్ ద్వారా వింటేజ్ వాహనంగా దరఖాస్తు చేసుకోవాలి. దానికి ఇన్సూరెన్స్ పాలసీ, ఇప్పటికే మన దేశంలో రిజిస్టరైన బండి అయితే పాత ఆర్‌సీ, విదేశం నుంచి వచ్చినదైతే కస్టమ్స్ వారి బిల్ ఆఫ్ ఎంట్రీ జతచేయాలి. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు, ఆ తర్వాత రీ-రిజిస్ట్రేషన్‌కి 5,000. ఇది కస్టమర్‌కి ఇచ్చే ఎస్టిమేట్‌లో వేరే లైనుగా చూపించండి, మీ కూలీలో కలపకండి.

నాలుగు వైపుల నుంచీ, నంబర్ల దగ్గర నుంచీ ఫొటోలు, ఆ మోడల్ పాత బ్రోచరో పార్ట్స్ బుక్కో దొరికితే దాని కాపీ ఫైల్లో పెట్టండి. నిబంధన అడగకపోయినా పరిశీలించే అధికారికి పోల్చి చూసుకునే వీలు కలుగుతుంది. ఆయన రోజూ చూసేవి స్కూటీలు, కార్లు. 1962 జావా మడ్‌గార్డ్ ఎలా ఉండాలో ఆయనకు తెలియాలని ఆశించడం న్యాయం కాదు. బ్రిటిష్ బైకులకైతే అక్కడి వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ పాత ఫ్యాక్టరీ రికార్డులు చూసి తయారీ తేదీకి సర్టిఫికెట్ ఇస్తుంది. మొదటి రిజిస్ట్రేషన్ తేదీకి అది ప్రత్యామ్నాయం కాదు గానీ, బండి ఏ కాలానిదో చెప్పడానికి మంచి ఆధారం.

అన్నీ సరిగ్గా ఉంటే రిజిస్టరింగ్ అథారిటీ 60 రోజుల్లో ఫారం 23ఎలో సర్టిఫికెట్ ఇవ్వాలి. పాత నంబర్ ఉన్న బండి ఆ నంబర్‌నే ఉంచుకోవచ్చు. నాకు ఈ నిబంధనలన్నిటిలో బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే ఇంట్లో పెద్దవాళ్లకి బండి కంటే ఆ నంబరే ఎక్కువ గుర్తుంటుంది. కొత్తగా రిజిస్టరయ్యే బండికి రాష్ట్రం కోడ్, తర్వాత వీఏ, ఆపైన రెండక్షరాల సిరీస్, చివర 0001 నుంచి 9999 లోపు నంబర్ వస్తాయి. తెలంగాణలో అయితే టీజీ వీఏతో, ఆంధ్రలో అయితే ఏపీ వీఏతో మొదలవుతుంది.

నంబర్ వచ్చాక నడపడం

కస్టమర్‌కి ముందే చెప్పాల్సిన ఇంకో సంగతి: వింటేజ్ బండిని రోజువారీ వాడకానికి గానీ, వ్యాపారానికి గానీ రోడ్డు మీద నడపకూడదు. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, అక్కడికి వెళ్లి రావడానికి, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకి మాత్రమే తీయాలి. పెళ్లిళ్లకు అద్దెకిద్దామనుకునే వారికీ, రోజూ ఆఫీసుకి దీని మీదే వెళ్లాలనుకునే వారికీ ఈ దారి పనికిరాదు. ఆర్‌సీ బతికే ఉంటే వాళ్లు మామూలు రెన్యువల్‌తోనే ఉండటం మేలు. నా దగ్గరికి వచ్చి సలహా అడిగిన వాళ్లలో వారానికోసారైనా సరదాగా తిరగాలనుకునే వాళ్లకి నేను చెప్పేది కూడా అదే.

ట్రయల్ విషయంలోనూ జాగ్రత్త. రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో లేని బండిని రోడ్డు మీద నడపడం 39వ సెక్షన్ ప్రకారం కుదరదు, మెకానిక్ నడిపినా అంతే. షెడ్డు ఆవరణలో చూసుకోండి, ఇన్‌స్పెక్షన్‌కి ట్రాలీ ఆటోలో తీసుకెళ్లండి.

డెలివరీ ఇచ్చేటప్పుడు తాళాలతో పాటు ఒక ఫైలు కూడా ఇవ్వండి. అందులో నంబర్ల ప్రింట్లు, విప్పకముందు తీసిన ఫొటోలు, మార్చిన ప్రతి పార్ట్ బిల్లు, దరఖాస్తు రసీదు, ఇన్సూరెన్స్ కాపీ, సర్టిఫికెట్ ఉండాలి. సర్టిఫికెట్ గడువు, ఇన్సూరెన్స్ గడువు ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి, అలాంటిదే ఒక సెట్ మీ షెడ్డులోనూ ఉంచుకోండి.