ఆగిపోయిన సైడ్‌కార్ బుల్లెట్ కొనేముందు - 4వ పాఠం: రెండు పట్టీలు, ఒక టేపు

ఈసారి నేరుగా చాసిస్ కొలతల్లోకి దిగుదామనుకున్నాను. మూడో పాఠం తర్వాత వచ్చిన ఉత్తరాలు చూశాక ముందు కిక్కర్ సంగతి తేల్చక తప్పడం లేదు. ఎక్కువమంది రాసింది ఒకటే: "కిక్కర్ మెత్తగా దిగింది, ఇంజిన్ ఫ్రీగా ఉందని అడ్వాన్సు ఇచ్చేశాం. తీరా విప్పిస్తే పిస్టన్ బోరుకి, అంటే అది పైకీ కిందికీ ఆడే గొట్టానికి, పట్టేసి ఉంది."

మూడో పాఠంలో నేను వెనక చక్రం తిప్పి చూడమన్నాను. మీరు కిక్ కొట్టి చూశారు.

పాత బుల్లెట్‌లో ఇంజిన్ వేరు, గేర్‌బాక్సు వేరు. కిక్కర్ ఉండేది గేర్‌బాక్సుకి. మీ కాలి బలం అక్కణ్నుంచి క్లచ్‌కి, క్లచ్ నుంచి ప్రైమరీ చెయిన్ మీదుగా ఇంజిన్‌కి చేరాలి. క్లచ్ ప్లేట్లు జారినా, కిక్కర్ లోపలి పళ్లు అరిగిపోయినా కాలు నేల దాకా దిగుతుంది, పిస్టన్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. తిరగేసి చూసినా అంతే. కిక్కర్ రాయిలా బిగుసుకుంటే తప్పు ఇంజిన్‌దే కానక్కర్లేదు. ఒకాయన అలా బిగుసుకున్న కిక్కర్ మీద రెండు కాళ్లతో ఎక్కి నిలబడ్డారట. బండి ఇంకా అమ్మేవాళ్లదే, వాకిలీ వాళ్లదే!

సరే, మళ్లీ మొదటినుంచి. సైడ్‌కార్, అంటే ఎడమపక్కన సొంత చక్రం ఉన్న తొట్టి, తగిలించి ఉండగా వెనక చక్రాన్ని గాల్లోకి లేపడం కష్టం, కాబట్టి బండినే తోయాలి. ముందు న్యూట్రల్లో తోయండి. అప్పుడే కదలకపోతే బ్రేకులో, చెయినో, చక్రాల బేరింగులో పట్టేశాయన్నమాట. ఇంజిన్ గురించి ఇంకా ఏమీ తెలియనట్టే. న్యూట్రల్లో దొర్లితే స్పార్కు ప్లగ్గు విప్పి నాలుగో గేరు వేయండి. కుడికాలి గేరు, ఒకటి పైకి, మిగతా మూడూ కిందికి. ఆగి ఉన్న బండికి గేరు ఒక పట్టాన పడదు. ఒకరు బండిని ముందుకీ వెనక్కీ జానెడు కదుపుతుంటే మీరు కాలితో నొక్కుతూ పోవాలి. పడ్డాక ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి తోయించండి. బండి మీటరు దూరం కదిలేలోపు ఒక్కసారైనా గాలి వేలిని తన్నాలి. తన్నితే పిస్టన్ కదులుతోంది, వాల్వులు కొంతలో కొంతైనా మూసుకుంటున్నాయి. టైరు దొర్లకుండా నేల మీద ఈడ్చుకుపోతే ఇంజిన్ జామ్. టైరు దొర్లుతున్నా వేలికి ఏమీ తగలకపోతే క్లచ్ జారుతోందా, వాల్వు తెరుచుకుని ఉండిపోయిందా అన్నది ఇంజిన్ పైన వాల్వుల మీదుండే రాకర్ మూతలు తీసి చూస్తేనే తెలుస్తుంది.

ఇంత రాశాక ఒకమాట. ఇంజిన్ జామ్ అయిందని తెలిసినా నేను బేరం వదులుకోను, ధర తగ్గిస్తాను. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టినప్పటి నుంచి అర్ధ శతాబ్దం పాటు ఈ 346 సీసీ ఇంజిన్ పెద్దగా మారలేదు. పిస్టన్, బోరు, పిస్టన్ రాడ్డు కింది కొసలో ఉండే బిగ్ ఎండ్ బుష్ అన్నిటికీ సామాను దొరుకుతుంది, చేసే చేతులూ ఉన్నాయి. మెలి తిరిగిన చాసిస్‌ని మాత్రం సరిచేశామనే వాళ్లే తప్ప సరిచేసినవాళ్లు అరుదు. బుల్లెట్ చాసిస్‌కి ముందు కిందికి దిగే గొట్టం ఒక్కటే. ఇంజిన్ కింద గొట్టం ఉండదు, ఆ ఖాళీని ఇంజినే కలుపుతుంది. అందుకే "ఇంజిన్ మెకానిక్ దగ్గరుంది, వచ్చి బండి చూసుకోండి" అంటే నేను వెళ్లను. ఇంజిన్ లేని చాసిస్‌కి తీసిన కొలతలు నమ్మడానికి లేదు.

ఇక కొలతలు. ఏడడుగులకు తగ్గని, వంకర లేని అల్యూమినియం పట్టీలు రెండు, నాలుగు ఇటుకలు, టేపు, మేస్త్రీలు వాడే తూకం గుండు. టైర్లలో గాలి కొట్టించాలి, నేల చదునుగా ఉండాలి, హ్యాండిల్ తిన్నగా ఉండాలి. చెయిన్ టైటు చేసే నత్తగుల్ల బిళ్లలు రెండువైపులా ఒకే గాటు మీద ఉన్నాయో లేదో ముందే చూడండి. లేకపోతే వంకర చక్రాన్ని చూసి వంకర చాసిస్ అనుకుంటారు.

ఒక పట్టీని బండి కుడివైపున, ఇటుకల మీద, వెనక టైరుకి ఆనించి ముందు టైరు దాటేలా పెట్టండి. వెనక టైరుకి రెండుచోట్ల తగలాలి. ముందు టైరు దగ్గర సన్నటి సందు వస్తుంది, కంగారు పడకండి. వెనక 3.50, ముందు 3.25 అంగుళాల టైరు వేసి ఉంటే ఆ తేడాలో సగం, అంటే 3 మి.మీ. అటూఇటూ సందు ఉండాల్సిందే. ముందు టైరు ముందంచు దగ్గరా, వెనకంచు దగ్గరా సందు ఒకేలా ఉండాలి. హ్యాండిల్ ఎంత సర్దినా అది కుదరకపోయినా, కుదిరాక సందు వేలు పట్టేంత ఉన్నా, బండి ఎప్పుడో దేన్నో గుద్దింది, లేదా ఏళ్ల తరబడి తప్పుగా బిగించిన సైడ్‌కార్ దాన్ని లాగేసింది.

రెండో పట్టీని సైడ్‌కార్ చక్రానికి బయటివైపు ఆనించండి. ఇప్పుడు పట్టీల మధ్య దూరం ముందు చక్రానికి ముందొకసారి, వెనక చక్రానికి వెనకొకసారి కొలవండి. ముందు దూరం 10 నుంచి 20 మి.మీ. తక్కువ రావాలి. సమానంగా ఉన్నా, ముందే ఎక్కువున్నా బండి ఎడమకి గుంజుతుంది, కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి పొలం గట్టుకేసి లాగినట్టు. నడవని బండిని నడిపి చూడలేం కనుక, ఇది తెలిసే దారి టేపూ టైర్లే. సైడ్‌కార్ టైరు మీద అరచేత్తో అడ్డంగా నిమిరి చూడండి. ఒకవైపు నున్నగా, రెండోవైపు గరుగ్గా రంపంలా తగిలితే ఆ చక్రం దొర్లినంతకాలం పక్కకి ఈడ్చుకుంటూ దొర్లింది.

తూకం గుండుతో బండి నిలువు చూడండి. ఎవరూ ఎక్కనప్పుడు బండి కుడికి, అంటే సైడ్‌కార్‌కి అవతలివైపుకి, ఒక డిగ్రీ రెండు డిగ్రీలు ఒరిగి ఉండాలి. ఎడమకి ఒరిగిందంటే సైడ్‌కార్ స్ప్రింగులు కుంగిపోయాయి, లేదా పై బిగింపులు వదులయ్యాయి.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. మామూలు బుల్లెట్‌కి నిన్నగాక మొన్న ఒక సైడ్‌కార్ తగిలించి, "తాతల కాలం నుంచీ జతే అండీ" అని ధర పెంచి అమ్మడం. బండి స్టార్టు కాదు కనుక మీరు ఎక్కి చూడరన్న ధీమా వాళ్లది. జత పాతదో కొత్తదో బిగింపుల దగ్గరే తెలుస్తుంది. ఒక క్లాంపు వదులు చేయించి కింద చూడండి. ఏళ్లనాటి జతైతే క్లాంపు కింద పెయింటు నలిగి, దాని అంచు వెంబడి తుప్పు గీత ఉంటుంది. పెయింటు నిగనిగలాడుతుంటే అడగాల్సింది ఇంకేమీ లేదు. వదులు చేయనివ్వకపోతే అదే జవాబు. బిగింపులు నాలుగుండాలి, కింద రెండు, పైన రెండు. మూడే ఉంటే నాలుగోది ఎక్కడుండేదో వెతకండి. గేటుకి వాడే యాంగిల్ ముక్కని చాసిస్ గొట్టానికి నేరుగా వెల్డింగ్ చేసి ఉంటే అక్కడితో ఆపండి, ఎందుకంటే ఆ వెల్డింగ్ అంచునే గొట్టం పగుళ్లు తీస్తుంది. పుట్టీ పూసి పెయింటు కొట్టి ఉంటే అయస్కాంతం తీసుకెళ్లండి, పుట్టీ మీద పట్టదు. వెనక చక్రం స్పోకులు ఒక్కొక్కటే స్పూనుతో తట్టండి, వదులైనది మొద్దుగా మోగుతుంది. సైడ్‌కార్ బండి మలుపులో ఒరగదు కాబట్టి పక్కబలమంతా స్పోకులే మోస్తాయి. నిజంగా సైడ్‌కార్ మోసిన బండికి వెనక టైరు మధ్యలో బల్లపరుపుగా అరిగి ఉంటుంది. గుండ్రంగా అరిగిన టైరూ, "తాతల నాటి జత" అన్న మాటా రెండూ నిజం కావడం కష్టం. టైరు కొత్తదైతే పాతదేమైందని అడగండి. గేర్‌బాక్సు స్ప్రాకెట్, అంటే చెయిన్‌ని తిప్పే పళ్లచక్రం, పళ్లు కూడా లెక్కపెట్టండి. సైడ్‌కార్ లాగే బండికి ఒకటో రెండో పళ్లు తగ్గిస్తారు. ఇది ఒక్కటే రుజువని కాదు, కొందరు మార్చకుండానే లాగించేవాళ్లు.

కాగితాల్లో ఇంజిన్, చాసిస్ నంబర్లు పోల్చుకోవడం చెప్పక్కర్లేదు. పెన్సిల్ ప్రింట్, అంటే నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది తీసే అచ్చు, మాత్రం మీ చేత్తోనే తీసుకోండి. చట్టం దృష్టిలో విడదీయగల సైడ్‌కార్ ఉన్నదీ మోటార్ సైకిలే, అయితే ఆర్సీలో సైడ్‌కార్ నమోదై ఉందా అని చూడాలి. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. కొత్తగా తీసుకుంటే రుసుము రూ. 20,000, గడువు 10 ఏళ్లు. అందులో చాసిస్‌ని మార్చి ఉండకూడదు, రోజూ తిరగడానికీ వాడకూడదు. కూరగాయలకి వెళ్దామనుకునేవాళ్లు మామూలు ఆర్సీ బతికి ఉన్న బండే వెతుక్కోండి.

అభ్యాసం. ముందు మీ ఇంట్లో ఉన్న మామూలు బండికే కుడివైపు పట్టీ ఆనించి ముందు సందు కొలవండి, తర్వాత ఎడమవైపు కొలవండి. రెండు టైర్ల మీదా రాసున్న వెడల్పుల తేడాలో సగం రావాలి, రెండువైపులా సమానంగా రావాలి. ఆ సగం అన్ని బండ్లకీ 3 మి.మీ. అని బట్టీ పట్టకండి. రాకపోతే మళ్లీ కొలవండి, చాలావరకు తప్పు నేలదో హ్యాండిల్‌దో అయి ఉంటుంది. ఇది చేయి తిరిగాక ఒక సైడ్‌కార్ బండిని వెతికి, ఇందులో చెప్పిన కొలతలన్నీ కాగితం మీద రాసి పంపండి. ఆ రోజు జేబులో డబ్బు పెట్టుకుని వెళ్లకండి, ఫోన్‌లోది కూడా లెక్కే. వచ్చే పాఠంలో సైడ్‌కార్ స్ప్రింగులూ, తొట్టి అడుగున తుప్పూ చూద్దాం.