పనికి సముద్రం పాఠాలు – 3: ఎదురుగా కనిపించే ఒడ్డు

కిందటి వారం ఇచ్చిన పని చేశారా? నీళ్లలోకి దిగేముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి అలల్ని చూసినట్టే, పొద్దున సీట్లో కూర్చోగానే ఫోను ముట్టుకోకుండా ఆ రోజు పనంతా ఒకసారి చూసుకోమన్నాను. చెయ్యకపోతే ముందు అది చేసి రండి. ఈ పాఠానికి ఆ చూపు కావాలి.

ఈసారి రిప్ కరెంట్. అలలు ఒడ్డుకి తోసిన నీరు మళ్లీ లోపలికి పోవాలి కదా. ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ పల్లం దొరికితే అక్కడ పాయగా చేరి జోరుగా సముద్రంలోకి పోతుంది. పైనుంచి చూస్తే ఆ పాయ మీద అలలు పెద్దగా విరగవు. రంగు కాస్త ముదురుగా, నురగ లోపలికి పోతూ కనిపిస్తుంది. కార్తీక పౌర్ణమికి సూర్యలంకలో స్నానానికి దిగే జనంలో, పిల్లలున్నవాళ్లు అలలు లేవు కదా అని సరిగ్గా అలాంటి చోటే ఎంచుకునే ప్రమాదం ఉంది.

చాలామంది అనుకునేట్టు అది మనిషిని అడుగుకి లాగదు, లోపలికి లాగుతుంది. చంపేది అలసట. ఉద్ధృతంగా ఉన్నప్పుడు దాని వేగం సెకనుకి 2 మీటర్లు దాటుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ గెలిచినవాడికి 46.40 సెకన్లు పట్టింది. లెక్క కట్టండి, ఆయనదీ సెకనుకి 2 మీటర్ల పైచిలుకే. అంతటివాడు ప్రాణం పెట్టి ఈదినా ఉన్నచోటే ఉంటాడు. ఇక మనమెంత?

నాకు ఇందులో వింతగా తోచేది ఇంకొకటి. కొమ్మమూరు కాలువలో ఈత నేర్చిన మా బావని అడిగితే, నీళ్లు లాక్కుపోతుంటే ఎవడైనా ఎదురీదుతాడా, ఏటవాలుగా పోయి గట్టు పట్టుకుంటాడు గానీ అంటాడు. అదే మనిషి సముద్రంలో ఎదురీదుతాడు. ఎందుకంటే కాలువలో గట్టు పక్కన ఉంటుంది, సముద్రంలో ఒడ్డు ప్రవాహానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. పైగా కనిపిస్తూ ఉంటుంది. అక్కడ మనవాళ్లు చేతులూపుతూ ఉంటారు. ఆ కనిపించడమే ముంచుతుంది. నిజానికి ఆ పాయ వెడల్పు చాలాచోట్ల 15 నుంచి 30 మీటర్లే. తేలుతూ ఊపిరి కూడదీసుకుని, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదితే బయటపడతాం. తరవాత అలలే ఒడ్డుకి తోస్తాయి. పక్కకి ఈదే ఓపిక లేకపోతే తేలుతూనే చెయ్యెత్తి పిలవాలి.

ఇప్పుడు పనిలోకి వద్దాం. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా ఉన్న రోజులు. మార్చి నెల, ఎటు చూసినా టిక్కీలే, అంటే మిర్చి బస్తాలే, ఘాటుకి కళ్ల నీళ్లు. నా బల్ల మీద పదకొండుమంది రైతుల కాటా చీటీలు. ఆరింటికల్లా పట్టీలన్నీ, అంటే రైతులకిచ్చే అమ్మకం లెక్క కాగితాలన్నీ, అయిపోవాలని యజమాని చెప్పి వెళ్లారు. నా ఒడ్డు ఆ ఆరింటి గడువు. ఎదురుగా గోడ గడియారం. లారీ డ్రైవరు కాగితాలంటాడు, ఫోను మోగుతూనే ఉంది, బస్తాలు మోసే ముఠా మేస్త్రీ వాకిట్లో నిలబడి “గుమస్తా గారూ, మావాళ్లు బండికి పోవాలండీ, కూలి లెక్క తేల్చెయ్యండి” అంటున్నాడు. తలెత్తకుండా రాసుకుంటూ పోయాను. ఒక రైతు తేజ రకం మిర్చి ధరని ఇంటిపేరు కలిసిన ఇంకో రైతు 341 రకానికి వేశాను. ఎనిమిదింటికి తేలింది. అప్పటికి ఆ రెండో రైతు డబ్బు తీసుకుని వినుకొండ బస్సెక్కాడు. ఆ తప్పు దిద్దడానికి రెండు రోజులు పట్టింది. మాటలు పడటం వేరే లెక్క.

పక్కకి ఈదడమంటే ఆ రోజు ఏమిటి? కలం కింద పెట్టి ముందు మేస్త్రీ లెక్క తేల్చడం. పది నిమిషాల పని. వాళ్లు వెళ్తే వాకిట్లో సగం గోల వాళ్లతోనే పోయేది. తరవాత యజమానికి ఫోన్ చేసి, ఆరింటికి కాదండీ, ఏడున్నర అవుతుంది అని చెప్పడం. తిడతారు, నిజమే. కొందరు ఎంత చెప్పినా వినరు. అయినా ఆ తిట్టు ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

అక్కడ నేను పట్టీలు మానెయ్యలేదని గమనించండి. పట్టీలకి అడ్డం పడుతున్నదాన్ని ముందు దాటుతున్నాను. కష్టమైన పని వదిలేసి టీ తాగడానికి పోవడాన్ని పక్క ఈత అనకండి, మా కుర్రాడొకడు అలాగే అర్థం చేసుకున్నాడు.

ఈ వారం సాధన. పొద్దున ఒక చీటీ మీద ఆ రోజు మీకు ఎదురుగా కనిపించే ఒడ్డేదో ఒక్క ముక్కలో రాయండి: “ఆరింటికి పట్టీలు”, “మధ్యాహ్నానికి స్టాకు లెక్క”, అలా. ఎంత చేసినా పని జరగట్లేదని తోచిన క్షణంలో చేతులు ఆపి, పది ఊపిర్లు లెక్కపెట్టి, చీటీ వెనక రాయండి: నన్ను లాగుతున్నది ఏది, దాని వెడల్పు ఎన్ని నిమిషాలు? పావుగంట లోపుదైతే ముందు దాన్నే దాటండి. అంతకు మించితే ఎవరినో పిలవాల్సిందే.

పిలవడమే చాలామందికి చేతకాదు. మునిగిపోయేవాడు కేకలెందుకు వెయ్యలేడో వచ్చే వారం చూద్దాం. ఆ చీటీలు పారెయ్యకండి, వాటితో పని ఉంది.