పాత డెస్క్‌టాప్ వేడెక్కి ఆగిపోతుంటే నేనేం చేశానంటే

మా ఇంట్లో డెస్క్‌టాప్ 2013లో కొన్నది. ఈ ఎండాకాలం ఆన్ చేసిన పావుగంటకే దానంతటదే ఆగిపోవడం మొదలైంది. ఫ్యానేమో పిండిమరలా ఒకటే మోత. ముందు పవర్ సప్లై పోయిందేమో అనుకున్నాను. ఆగిన వెంటనే మళ్లీ ఆన్ చేసి, కంప్యూటర్ మొదలవుతుండగా తెరిచే సెట్టింగుల తెర అయిన బయోస్‌లో చూస్తే ప్రాసెసర్ వేడి 88 డిగ్రీలు! అప్పుడు అర్థమైంది సంగతి.

ప్లగ్గు పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, క్యాబినెట్ బాల్కనీలోకి తెచ్చి పక్క తలుపు విప్పాను. పైకి పెద్దగా దుమ్ము కనిపించలేదు. ఫ్యాను ఊడదీశాక చూడాలి, దాని కింద, ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు దిమ్మ అయిన హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము దూదిపరుపులా అట్టకట్టి ఉంది. గాలి దూరే సందే లేదు. పెయింట్ బ్రష్షుతో మెల్లగా రాల్చి, బ్లోయర్ కొట్టాను. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కల్ని వేలితో పట్టుకోండి, వేగంగా తిరిగితే బేరింగు పాడవుతుంది. తడిగుడ్డ మాత్రం వద్దేవద్దు.

హీట్‌సింక్ కూడా విప్పి చూస్తే, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు (ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే ముద్ద) ఎండి సున్నంలా పెచ్చులూడింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కందిగింజంత కొత్త పేస్టు పెట్టాను. హీట్‌సింక్ నాలుగు కాళ్లనూ ఎదురెదురు మూలలుగా టక్కుమనేదాకా నొక్కాలి. నాకు ఒకటి సరిగా దిగక మళ్లీ విప్పాల్సొచ్చింది.

ఇప్పుడు బయోస్‌లో 52 డిగ్రీలు. నేలమీద ఉండే క్యాబినెట్‌ను స్టూలు మీదికి ఎక్కించి, గోడకు జానెడు ఎడంగా జరిపాను.