పిచ్చుక గూడు తగిలించే ముందు

ఎండలు ముదిరేలోపే పిచ్చుకలు చోటు వెతుక్కుంటాయి. మేకు కొట్టే ముందు ఇవి చూసుకోండి.

సీలింగ్ ఫ్యాన్ ఉన్న వసారాలో వద్దు. గూటికి వచ్చేపోయే దారిలో ఫ్యాన్ రెక్క తగిలితే పిట్ట అక్కడికక్కడే పోతుంది. మా ఇంట్లో ఒకటి అలాగే పోయింది; అప్పట్నుంచి ఆ స్విచ్ మీద టేపు వేసి ఉంచాం.

కన్నం 32 మిల్లీమీటర్లు చాలు. పెద్దదైతే గోరింకలు దూరతాయి.

కన్నం కింద పుల్ల బిగించొద్దు. పిచ్చుకకి అక్కర్లేదు, కాకికి మాత్రం నిలబడే చోటు.

పడమటి ఎండ పడే గోడ వద్దు. రేకు డబ్బా అసలే వద్దు, పిల్లలు ఉడికిపోతాయి.

8 అడుగుల ఎత్తున తగిలించండి, పిట్టగోడ మీంచి పిల్లికి అందకుండా.

మొక్కలకు పురుగుమందు ఆపండి. పిల్లల నోట్లో పెట్టేది పురుగులే. వరి కంకుల కుచ్చు పెద్దవాటికి.

గడ్డి మీరు పెట్టొద్దు, అవే తెచ్చుకుంటాయి.