ఎలుక కాలికి గామా కిరణాలు పెట్టే ముందు

రేడియేషన్ వల్ల ఎలుక కాలి నరం, కండరం ఎంత దెబ్బతింటాయో కొలిచేవారికి ఈ జాగ్రత్తలు. ఎదిగిన ఎలుకలో నరకణాలు, కండర పోగులు విభజన చెందవు, కాబట్టి రేడియేషన్‌కు వెంటనే లొంగవు. ఒళ్లంతటికీ 7 గ్రేల (గ్రే అంటే ఒళ్లు పీల్చుకున్న రేడియేషన్‌కు కొలమానం) డోసు పడితే నెలలో దాదాపు సగం ఎలుకలు చనిపోతాయి. ఆ చావుకు కారణం నరాలు కాదు, ఎముక మజ్జ దెబ్బతినడం. పదో రోజున నీరసంగా ఉన్న ఎలుకను చూసి ‘కండర బలహీనత’ అని రాసుకుంటే అంతా తప్పే. కాలి సంగతి తేలాలంటే కాలికే పెట్టండి.

మిగతా ఒంటికి సీసం అడ్డు కావాలి. ఎక్స్‌రే గదిలో వేసుకునే ఏప్రన్, గామా కిరణాలిచ్చే కోబాల్ట్-60 ముందు పనికిరాదు. ఆ కిరణాలు సగానికి తగ్గాలంటేనే సుమారు 1.2 సెం.మీ. సీసం కావాలి. 5 సెం.మీ. సీసపు ఇటుక పెట్టినా, కాలికి 20 గ్రేలు పడేలోపు ఒంటికి ఒక గ్రేకు పైగా చేరుతుంది.

గోడకు అంటించిన డోసు పట్టిక తేదీ చూడండి. కోబాల్ట్ శక్తి ఏడాదికి సుమారు 12.3 శాతం తగ్గుతుంది. నిరుడు నిమిషానికి 2 గ్రేలు ఇచ్చిన సోర్సుతో 20 గ్రేలకు 10 నిమిషాలు సరిపోయేవి. ఇప్పుడు 11 నిమిషాల 24 సెకన్లు పడుతుంది.

ఎక్కువమంది కొలతల్లో పొరపడేది ఎలుక ఒంటి వేడి దగ్గర. కెటమిన్, జైలజిన్ అనే మత్తుమందులు ఇచ్చిన ఎలుక ఏసీ గదిలో ఇట్టే చల్లబడుతుంది. కాలు ఒక్క డిగ్రీ చల్లబడినా నరంలో సంకేతం వేగం సెకనుకు దాదాపు 2 మీటర్లు పడిపోతుంది. హీటింగ్ ప్యాడ్ మీద పడుకోబెట్టి, తొడ చర్మం కింద వేడి కొలిచే ప్రోబ్ పెట్టి 36–37 డిగ్రీలు నిలిచాకే నరం సంకేతాల రికార్డింగ్ మొదలుపెట్టండి. కంట్రోల్ ఎలుకలకూ (పోల్చి చూడ్డానికి కిరణాలు పెట్టకుండా ఉంచేవి) అదే మత్తు, అదే పెట్టె, అంతే సేపు. సోర్సు మాత్రం మూసి ఉంటుంది. వాటన్నిటినీ పొద్దున, మిగతావాటిని మధ్యాహ్నం కొలవకండి, కలిపి కొలవండి.

కండరంలోని విద్యుత్ సంకేతాలు కొలిచే సూది ఎలక్ట్రోడ్‌ను ప్రతిసారీ అదే కండరంలో గుచ్చొద్దు. 18–20 గ్రేలు పడ్డ కండరంలో గాయం మాన్పే శాటిలైట్ కణాలు చాలావరకు పనిచేయవు. పైకి బాగానే కనిపిస్తుంది గానీ గుచ్చిన చోట పూడదు. అప్పుడు మీరు కొలిచేది సూది చేసిన నష్టాన్నే. రెండు మూడు వారాల్లో చర్మం పుండుపడి ఎలుక కుంటినా అది కండర బలహీనత కాక నొప్పే కావచ్చు.

కాలికి కాక వెన్నుపాముకు కిరణాలు పెడుతుంటే మరో సంగతి. ఒకేసారి 20 గ్రేలకు పైగా పడితే వెనక కాళ్లు పడిపోవడానికి నెలలు పడుతుంది. కాబట్టి కనీసం ఏడు నెలలకు మేత, బోనులు లెక్కేసుకోండి. ఏ స్థితిలో ఎలుకకు బాధ లేకుండా ప్రాణం తీయాలో ఎథిక్స్ కమిటీ దరఖాస్తులోనే రాయండి.

మీ ఛాతీపై టీఎల్‌డీ బ్యాడ్జి (మీకు పడ్డ రేడియేషన్‌ను కొలిచేది) తప్పనిసరి. కిరణాలు పడేటప్పుడు ఎలుకను చేత్తో పట్టుకోవద్దు. ఆ తర్వాత భయం లేదు, గామా పడ్డ ఎలుక రేడియోధార్మికం కాదు. గ్లౌజులు కొరుకుడుకే.