గోదావరి గట్టున ఫోటో తీస్తుంటే పోలీసులు ఆపితే ఏం చేయాలి?

గోదావరి మధ్యలోని లంక నుంచి వచ్చిన పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, రేవుకి చేరింది. రైతులు సైకిళ్లకి అరటి గెలలు కట్టుకుని ఏటిగట్టు ఎక్కుతున్నారు. వెలుగు బాగుంది, నేను ఫోటోలు తీసుకుంటున్నాను. ఇంతలో ఒక కానిస్టేబుల్ వచ్చి "ఇక్కడ ఫోటోలు తియ్యకూడదు, ఇలా ఇవ్వు" అని కెమెరా తీసుకున్నారు. ఆ పొద్దున తీసినవన్నీ తుడిచేసి తిరిగిచ్చారు. ఏ రూలు ప్రకారం సార్ అని అడగడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే రూలేమిటో నాకే తెలీదు. తర్వాత చట్టాలు తిరగేసి, తెలిసిన లాయర్లని అడిగి నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. కెమెరా ఉన్నా, చేతిలో ఫోనే ఉన్నా మీకు పనికొస్తుంది.

1. ముందు అసలు రూలు తెలుసుకోండి

రోడ్డు మీద, సంతలో, రేవులో ఫోటో తీయడానికి అనుమతి కావాలని చెప్పే చట్టం మన దేశంలో లేదు. ప్రెస్ కార్డు ఉన్నవాళ్లే తీయాలన్న చట్టం కూడా లేదు. రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చిన భావ ప్రకటన స్వేచ్ఛ ఫోటోకీ వర్తిస్తుంది. దానికి హద్దు పెట్టాలంటే చట్టం ఉండాలి, లేదా చట్టం ప్రకారం ఇచ్చిన ఆర్డరు ఉండాలి. ఈ ఒక్క మాట గుర్తుంటే కంగారు సగం తగ్గుతుంది.

వంతెనలు, ఆనకట్టల దగ్గర ఎక్కువగా వినిపించే పేరు 1923 నాటి అధికార రహస్యాల చట్టం. ఆ చట్టంలో 'నిషిద్ధ స్థలం' అంటే ఏమిటో 2వ సెక్షన్‌లోనే రాసి ఉంది. సైనిక స్థావరాలు, ఆయుధాగారాలు వాటంతట అవే అందులోకి వస్తాయి. రైలు మార్గం, రోడ్డు, కాలువ, నీటి పనుల వంటివి మాత్రం కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో, అంటే సర్కారు ఉత్తర్వులు అచ్చయ్యే అధికారిక పత్రికలో ప్రకటిస్తేనే వస్తాయి. ఆ ప్రకటన ప్రతిని ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ అక్కడ అతికించాలి. మన దగ్గరైతే తెలుగులో అన్నమాట. కాబట్టి ధవళేశ్వరం బ్యారేజీకో, ఇంకో వంతెనకో వెళ్లినప్పుడు ముందు బోర్డు కోసం చూడండి. ఉంటే అది ఎవరు పెట్టిందో చదవండి. గెజిట్ సంగతి ఎలా ఉన్నా, నిషేధమని బోర్డు కనిపిస్తే అక్కడ కెమెరా తీయకండి. గేట్ల మీద, కంట్రోల్ రూముల దగ్గర పంతం పట్టడం నాకైతే సబబు అనిపించదు.

పోలీస్ స్టేషన్ ఈ చట్టం కింద నిషిద్ధ స్థలం కాదని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2022లో చెప్పింది. స్టేషన్లో వీడియో తీశాడని ఒకాయన మీద పెట్టిన కేసును కొట్టేసింది.

2. ఆ రోజు ఆర్డరు ఏదైనా ఉందేమో కనుక్కోండి

ఇది చాలామంది వదిలేసే పని. మనం '144 సెక్షన్' అని పిలిచేది 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 163వ సెక్షన్ అయింది. ఆ ఆర్డరు ఇచ్చేది కలెక్టరు, ఆర్డీవో లాంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లు. కానిస్టేబుల్ నోటి మాటగా ఇచ్చేది కాదు. అది రాతపూర్వకంగా ఉండాలి, మామూలుగా రెండు నెలలకు మించి నడవదు. ఇలాంటి ఆర్డర్లు జనానికి తెలిసేలా ప్రచురించాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో స్పష్టం చేసింది. 2022 మేలో అమలాపురంలో గొడవలు జరిగినప్పుడు ఈ సెక్షన్ పెట్టారు. అలాంటి రోజుల్లో గుంపుల మధ్యకి కెమెరాతో వెళ్లకండి. మీరు తీసిన ముఖాలే రేపు ఎవరి మీదో కేసుకు ఆధారం కావచ్చు.

'సెక్షన్ 30 అమల్లో ఉంది' అని కూడా తరచూ పేపర్లో చూస్తుంటాం. అది 1861 పోలీసు చట్టంలోది, సభలకూ ఊరేగింపులకూ సంబంధించింది. సంతలో కూరగాయలమ్మే అవ్వని ఫోటో తీయడానికి దానితో పనిలేదు.

యానాం వెళ్తుంటే ఇంకో సంగతి. ఎదుర్లంక దగ్గర వారధి దాటగానే మీరు పుదుచ్చేరి పరిధిలోకి వచ్చేస్తారు. పోలీసులు వేరు, ఆర్డర్లు ఇచ్చే అధికారులు వేరు. కేంద్ర చట్టాలు మాత్రం రెండు ఒడ్డులకీ ఒకటే.

రైలు పట్టాలెక్కి ఫోటోలు తీయడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. రాజమండ్రి వంతెనల్ని గట్టు మీద నుంచీ పడవలోంచీ ఎంతో బాగా తీయొచ్చు. డ్రోను ఎగరేయాలంటే మధురపూడిలో రాజమండ్రి విమానాశ్రయం దగ్గరే ఉందని మరచిపోకుండా, ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే సర్కారు వారి 'డిజిటల్ స్కై' మ్యాపులో ఆ చోటు ఏ జోనులో ఉందో చూసుకోండి.

3. పోలీసుల కంటే ముందు ఎదుటి మనిషి ఒప్పుకోవాలి

నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. స్నానఘట్టాల్లో ఆడవాళ్లు స్నానం చేస్తున్నప్పుడు, తడిబట్టలు మార్చుకుంటున్నప్పుడు లెన్సు అటు తిప్పకండి. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 77వ సెక్షన్, ఐటీ చట్టం 66ఈ సెక్షన్ ఇలాంటి వాటి కోసమే ఉన్నాయి. ఐటీ చట్టం కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. చట్టం సంగతి అటుంచండి, అక్కడున్నవాళ్లు మన అక్కచెల్లెళ్లు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. "ఒక ఫోటో తీసుకోనా అమ్మా?" అని అడగండి. చేపల రేవులో నన్ను చాలాసార్లు "ఆయ్, తీసుకోండి బాబూ" అన్నారు. ఒకామె మాత్రం వద్దని కొంగు అడ్డం పెట్టుకుంది. వద్దన్నాక తీయలేదు. చాలా గొడవలు పోలీసుల దాకా వెళ్లేది ఇలాంటి చోట ఎవరో ఒకరు ఫిర్యాదు చేసినప్పుడే.

4. ఆపినప్పుడు

కెమెరా దించండి. చేతులు కనిపించేలా ఉంచండి. గొంతు పెంచకండి. పేరు, ఊరు చెప్పండి. తర్వాత మర్యాదగా అడగండి: "సార్, ఇక్కడ నిషేధం ఉందాండీ? ఏ ఆర్డరో చెబితే రాసుకుంటాను."

జవాబు రాకపోయినా, వచ్చినది మీకు నచ్చకపోయినా, జనం గుమిగూడిన చోటైతే చెప్పినంత దూరం జరగండి. 2015 జులై 14న పుష్కరాల మొదటి రోజు రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. రద్దీలో "కదలండి" అన్న మాట వెనక ప్రాణాల లెక్క ఉంటుంది. అక్కడ వాదిస్తే విధులకు అడ్డుపడ్డారని న్యాయ సంహిత 221వ సెక్షన్ కూడా పెట్టొచ్చు. పక్కకు జరిగాక మళ్లీ అడగండి.

స్టేషన్‌కి రమ్మంటే "నన్ను అరెస్టు చేస్తున్నారా సార్?" అని అడగండి. అరెస్టయితే కారణం చెప్పాలి, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. బయల్దేరే ముందు ఇంటికి ఫోన్ చేసి ఏ స్టేషనో చెప్పండి.

5. తుడిచెయ్యమంటే, కెమెరా లాక్కుంటే

అక్కడికక్కడ ఫోటోలు తుడిచే అధికారం పోలీసులకి ఏ చట్టమూ ఇవ్వలేదు. ఆ ఫోటో నిజంగా నేరమైతే అది సాక్ష్యం, దాన్ని తుడవకూడదు. నేరం కాకపోతే తుడవాల్సిన పనే లేదు. ఇదే మాట నెమ్మదిగా చెప్పండి. స్క్రీన్ చూపించమంటే నేను చూపిస్తాను, కెమెరా మాత్రం నా చేతిలోనే ఉంచుకుంటాను.

నేరం జరిగిందన్న అనుమానం ఉంటే నాగరిక సురక్షా సంహిత 106వ సెక్షన్ కింద కెమెరా స్వాధీనం చేసుకోవచ్చు. అప్పుడు ఆ సంగతి మేజిస్ట్రేటుకి తెలపాలి. అదే సంహిత 105వ సెక్షన్ ప్రకారం స్వాధీనాన్ని వీడియో తీయాలి. మోడలు, సీరియల్ నంబరు, మెమరీ కార్డు వివరాలతో రాసిన కాగితం అడగండి. చెయ్యి అడ్డం పెట్టి పెనుగులాడకండి.

బలవంతంగా తుడిచేస్తే ఆ కార్డు మీద ఇంకొక్క ఫోటో కూడా తీయకండి. బయటికి తీసి జేబులో పెట్టుకోండి. కొత్త ఫోటోలు పైన పడనంత వరకు పాతవాటిని రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తిరిగి రాబట్టే అవకాశం ఉంటుంది. ఆ రోజు నాకిది తెలీదు. అదే కార్డు మీద సాయంత్రం దాకా తీశాను, పొద్దున్నవి ఇక దొరకలేదు.

6. ఇంటికొచ్చాక

టైము, చోటు, పేరు పట్టీ మీద కనిపించిన పేరు, అన్న మాటలు ఆ పూటే రాసుకోండి. సోమవారాల్లో ఎస్పీ ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు, కాగితం మీద రాసిచ్చి రసీదు తెచ్చుకోండి. నిషేధం ఉందన్నారు కాబట్టి ఆ ఆర్డరు కాపీ కావాలని సమాచార హక్కు చట్టం కింద జిల్లా కార్యాలయంలో పది రూపాయల రుసుంతో అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అలాంటి ఆర్డరే లేదని రాతలో వస్తే ఆ కాగితం జిరాక్సు కెమెరా సంచిలో పెట్టుకోండి.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. ఘాట్లలో కెమెరాల మీద ఏమైనా నిబంధనలు పెడతారా అని ముందుగానే కలెక్టరేట్‌లో అడిగి, ఉంటే కాపీ తెచ్చుకుని, అప్పుడు బయల్దేరండి.