ట్విన్ టర్బో బిగించాక బండి మొరాయిస్తే: లక్షణం, కారణం, మరమ్మతు

మస్టాంగ్ జీటీ 5.0 లీటర్ వీ8, నిసాన్ 370జెడ్ 3.7 లీటర్ వీ6 లాంటి ఇంజన్లు కంపెనీ నుంచి టర్బో లేకుండా వచ్చినవి. కంప్రెషన్ (సిలిండర్లో గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందన్న నిష్పత్తి) 11:1 నుంచి 12:1 దాకా ఉంటుంది. అలాంటి ఇంజనుకి బ్యాంకుకొకటి (వీ ఆకారంలో ఒక్కో వైపు సిలిండర్ల వరసకొకటి) చొప్పున రెండు టర్బోలు బిగించి 6-7 పీఎస్ఐ బూస్ట్‌తో నడిపేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. టర్బోలో ఎగ్జాస్ట్ తగిలి టర్బైన్ తిరుగుతుంది, దాంతోపాటు తిరిగే కంప్రెసర్ ఇంజన్‌లోకి గాలిని తోస్తుంది. అలా పెరిగే గాలి ప్రెషరే బూస్ట్. పిస్టన్లు, రాడ్లు కంపెనీవేనని, పెట్రోలు 95 ఆక్టేన్ అని అనుకుందాం.

ఏ చిన్న తేడా వచ్చినా ముందు వినిపించే మాట "టర్బో పోయింది" అని. నిజానికి టర్బో తనంతట తాను పోయేది తక్కువ. దాంట్లోకి వెళ్లే ఆయిలు, గాలి సరిగా లేకో, బయటికి రావాల్సిన ఆయిలు రాకో పోతుంది. రెండు టర్బోలున్న బండికి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ఎడమది కుడిదానికి గేజి, కుడిది ఎడమదానికి గేజి. ఏదీ విప్పకముందే ఒకే కొలతను రెండు వైపులా తీసి కాగితం మీద రాసుకోండి. తేడా ఒక వైపే ఉంటే ఆ వైపు పైపులు, లైన్లు చూడాలి. రెండు వైపులా ఒకేలా ఉంటే టర్బోలను వదిలేసి ఇంజను వైపు చూడాలి. సగం పని అక్కడే తేలిపోతుంది.

నీలం పొగ, ఆయిల్ తాగడం

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఈ సమస్య దగ్గరే. పొగ చూడగానే కోర్ (టర్బో మధ్యలో షాఫ్టు, బేరింగులు ఉండే భాగం) మార్చేస్తారు, నెల తిరిగేసరికి కొత్త కోర్ కూడా పొగే వదులుతుంది.

ముందు పొగ ఎప్పుడు వస్తోందో చూడండి. రాత్రంతా ఆపి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి గుప్పుమంటే వాల్వ్ సీళ్లను అనుమానించాలి. ఐదు పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి రేస్ ఇచ్చినప్పుడు వస్తే టర్బో నుంచి ఆయిల్ కిందికి దిగడం లేదు. బూస్ట్‌లో లాగుతున్నప్పుడే వస్తే క్రాంక్‌కేస్‌లో (ఇంజన్‌లో పిస్టన్ల కింద ఉండే గదిలో) ప్రెషర్ పెరుగుతోంది. తర్వాత రెండు వైపులా కంప్రెసర్ నుంచి ఇంటర్‌కూలర్‌కి (టర్బో తోసిన వేడి గాలిని చల్లబరిచే రేడియేటర్‌కి) వెళ్లే పైపులు విప్పి లోపల తెల్ల గుడ్డతో తుడవండి. ఒక గుడ్డ పొడిగా, ఇంకోటి నల్లగా జిడ్డుగా వస్తే ఆ వైపు టర్బో డ్రెయిన్ (ఆయిల్ కిందికి దిగే పైపు) దగ్గర తప్పుంది. రెండూ సమానంగా జిడ్డుగా ఉంటే బ్రీదర్ల (క్రాంక్‌కేస్ ఆవిరి బయటికి పోయే గొట్టాల) దగ్గర చూడాలి.

టర్బోలో ఉండేవి రబ్బరు సీళ్లు కావు, సన్నని లోహపు రింగులు. లోపల ఆయిల్ నిలవనంత కాలమే అవి ఆపగలవు. మురుగు కాలువ నిండుగా ఉన్నప్పుడు చేలో నీరు ఎంత గండి కొట్టినా దిగదు. డ్రెయిన్ పైపు సంగతీ అంతే. లోపల రంధ్రం 14-16 మి.మీ. ఉండాలి. టర్బో నుంచి ఆయిల్ పాన్ దాకా ఎక్కడా పైకి లేవకుండా వాలుగా రావాలి. పాన్‌లో ఆయిల్ మట్టానికి పైన కలవాలి. మధ్యలో హోస్ వేలాడి గుంట పడితే అక్కడ ఆయిల్ నిలిచిపోతుంది. టర్బో అడుగున ఆయిల్ రంధ్రం నిట్టనిలువుగా ఉండడం మంచిది, ఎటు వంగినా 35 డిగ్రీలు దాటకూడదు. బండి కింద, పాన్ మట్టానికే టర్బోలు పెట్టిన కిట్టయితే వాలు దొరకదు కాబట్టి ఆయిల్‌ను లాగే స్కావెంజ్ పంప్ ఉండాల్సిందే. దాని ఫ్యూజు, రిలే, ముందున్న జాలీ చూడండి. పంపు ఆగిన రెండు నిమిషాల్లో పొగ మొదలవుతుంది.

పైనుంచి వచ్చే ఆయిల్ ఎక్కువైనా ఇదే గతి. బాల్ బేరింగ్ టర్బోకి ఫీడ్ లైన్‌లో 1 మి.మీ. రంధ్రమున్న రెస్ట్రిక్టర్ కావాలి. బుష్ రకం అంటే జర్నల్ బేరింగ్‌కి ఆయిల్ ఎక్కువ కావాలి. దానికి బాల్ బేరింగ్ రెస్ట్రిక్టర్ బిగిస్తే పొగ తగ్గినట్టే ఉంటుంది, తర్వాత బేరింగ్ అరిగిపోతుంది. రెండు టర్బోలకీ రెస్ట్రిక్టర్ ఉందో లేదో విప్పి చూడండి. ఒకదానికి పెట్టి రెండోదానికి మర్చిపోవడం మామూలే.

ఇక క్రాంక్‌కేస్. కంపెనీ పీసీవీ వాల్వ్ (క్రాంక్‌కేస్ ఆవిరిని ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి పంపేది) మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉంటుందన్న లెక్కతో చేసింది. బూస్ట్ వచ్చినప్పుడు అది పూర్తిగా మూసుకోకపోతే గాలి వెనక్కి తన్ని ఇంజన్ లోపలికి చేరుతుంది, ఆ ప్రెషర్ డ్రెయిన్ పైపులో ఆయిల్‌ను కిందికి దిగనివ్వదు. డిప్‌స్టిక్ గొట్టానికి తక్కువ రేంజి గేజి తగిలించి చూడండి. ఫుల్ థ్రాటిల్‌లో అర పీఎస్ఐ దాటితే బాగుచేయాల్సిందే. పీసీవీ లైన్‌లో ఒకవైపే తెరుచుకునే గట్టి చెక్ వాల్వ్ పెట్టండి. రెండు హెడ్ కవర్ల నుంచి 16-19 మి.మీ. హోసులు క్యాచ్ క్యాన్‌కి (ఆవిరిలోని ఆయిల్‌ను పట్టే డబ్బాకి) తీసుకెళ్లండి. అప్పటికీ ప్రెషర్ తగ్గకపోతే పిస్టన్ రింగులు చూడాలి. కంప్రెషన్ టెస్ట్‌లో సిలిండర్ల మధ్య తేడా 10 శాతం మించకూడదు.

వానాకాలంలో మన దగ్గర తేమ వల్ల క్యాచ్ క్యాన్‌లో పాలు కలిపినట్టు తెల్లటి జిడ్డు పేరుకుంటుంది. అది చూసి హెడ్ ప్యాకింగ్ పోయిందని హడలిపోకండి. కూలెంట్ మట్టం తగ్గలేదు, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలు రంగులోనే ఉంది అంటే అది చల్లారి నీరైన తేమే. ఆ నెలల్లో 500 కి.మీ.కి ఒకసారి క్యాన్ ఖాళీ చేస్తే చాలు.

బూస్ట్ రాదు, లేక ఆలస్యంగా వస్తుంది

లీకు వెతకడంతో మొదలుపెట్టండి. రెండు కంప్రెసర్ మూతులకీ క్యాపులు బిగించి, ఒకదానికి టైరు వాల్వ్ పెట్టి గాలి ఎక్కించండి. పంచర్ షాపు కంప్రెసర్‌లో 100 పీఎస్ఐ పైనే ఉంటుంది, రెగ్యులేటర్ లేకుండా తగిలించకండి. 10-12 పీఎస్ఐ దగ్గర ఆపి, జాయింట్ల మీద సబ్బు నురగ పూయండి. థ్రాటిల్ మూసి ఒకసారి, తెరిచి ఒకసారి చూస్తే లీకు పైపుల్లోనా, మానిఫోల్డ్‌లోనా అన్నది తెలుస్తుంది. సిలికాన్ హోస్ ఊడిపోతుంటే క్లిప్పు ఇంకా బిగించినా లాభం లేదు. లోపల ఆయిల్ పొర ఉంటుంది. బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, పైపు అంచుకి గట్టు లేకపోతే లేత్ షాపులో వేయించి, అప్పుడు టీ-బోల్ట్ క్లిప్పు వేయండి.

లీకు లేదంటే వేస్ట్‌గేట్లు (బూస్ట్ హద్దు దాటకుండా ఎగ్జాస్ట్‌ను టర్బైన్ పక్కనుంచి వదిలే వాల్వులు) చూడాలి. గేజి ఉన్న చేతి పంపుతో రెండింటికీ విడివిడిగా గాలి కొట్టండి. రెండూ ఒకే ప్రెషర్ దగ్గర కదలడం మొదలుపెట్టాలి. ఒకటి 7 దగ్గర, ఇంకోటి 4 దగ్గర కదిలితే స్ప్రింగులు వేరువేరు, లేదా ఒక వాల్వ్ మసి పట్టి తెరుచుకునే ఉంది.

ఒక టర్బో మాత్రమే పనిచేస్తోందన్న అనుమానం ఉంటే బూస్ట్ గేజిని నమ్మకండి. రెండు పైపులూ థ్రాటిల్‌కి ముందు కలిసిపోతాయి కాబట్టి ప్రెషర్ రెండు వైపులా ఒకేలా చూపిస్తుంది. కొలవాల్సింది టర్బైన్‌కి ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ప్రెషర్. ఒక్కో వైపూ మీటరు పొడవు రాగి గొట్టం పెట్టి, దాని చివర గేజి తగిలించండి. నేరుగా పెడితే వేడికి గేజి పోతుంది. తక్కువ చూపించిన వైపు వేస్ట్‌గేట్ తెరుచుకునైనా ఉండాలి, మానిఫోల్డ్ ప్యాకింగ్ లీకైనా అయి ఉండాలి. చల్లటి ఇంజన్‌లో టిక్ టిక్‌మని, వేడెక్కాక ఆగిపోయే చప్పుడు ఆ ప్యాకింగ్‌దే. కొత్తగా బిగించిన మానిఫోల్డ్ నట్లను రెండు మూడుసార్లు వేడెక్కి చల్లారాక మళ్లీ టార్క్ చేయాలి.

బూస్ట్ పెట్టినదానికన్నా పెరిగిపోతోంది

ఒక్క క్షణం ఎగిరి కిందికొస్తే తప్పు బూస్ట్ కంట్రోలర్ సెట్టింగులో ఉంది. ఆర్పీఎం పెరిగేకొద్దీ మెల్లగా పాకుతూ పెరిగితే వేస్ట్‌గేట్ చిన్నది, లేదా మానిఫోల్డ్ నుంచి దానికి వెళ్లే దారి అడ్డంగా ఉంది. అది వెల్డింగ్ పని, ట్యూనింగ్‌తో పోదు. గేజి ఆగకుండా పైకే పోతే వేస్ట్‌గేట్ సన్న హోస్ ఊడింది, వెంటనే కాలు తీసేయండి.

బూస్ట్‌లో నాకింగ్

నాకింగ్ అంటే సిలిండర్లో పెట్రోలు మంట అంటుకునే వరస తప్పి తనంతట తాను పేలడం. ఇంజన్‌ను చంపేది ఇదే. 11:1 కంప్రెషన్ మీద 6 పీఎస్ఐ అంటే తప్పుకి చోటు చాలా తక్కువ.

ట్యూన్ ఏ రోజు చేశారన్నది మన ప్రాంతంలో పెద్ద తేడా తెస్తుంది. తేమ గాలి నాకింగ్‌ను కొంత అణుస్తుంది. శ్రావణంలో ముసురు పట్టిన సాయంత్రం సెట్ చేసిన టైమింగు (స్పార్క్ ఎప్పుడు పడాలన్న లెక్క), రోహిణి కార్తె వడగాడ్పుల్లో మిట్టమధ్యాహ్నం అదే ఇంజన్‌ని కొడుతుంది. కాబట్టి ఇన్‌టేక్ వేడిని బట్టి టైమింగ్ తగ్గించే టేబుల్ తప్పకుండా నింపాలి. గాలి వేడి 45 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటాక ప్రతి 5-6 డిగ్రీల వేడికి టైమింగును 1 డిగ్రీ వెనక్కి లాగడంతో మొదలుపెట్టండి. బేస్ టైమింగులో ఒక్కో పీఎస్ఐకి కనీసం 1 డిగ్రీ తగ్గించి ఉండాలి. ఫుల్ లోడ్‌లో ల్యాంబ్డా 0.78-0.80 ఉండాలి. గాలి, పెట్రోలు సరిపాటుగా ఉంటే ల్యాంబ్డా 1, తగ్గేకొద్దీ పెట్రోలు ఎక్కువైనట్టు. ఏఎఫ్ఆర్ (గాలి-పెట్రోలు నిష్పత్తి) అంకె చూడకండి, ల్యాంబ్డాయే చూడండి. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకి సరిపాటు 14.7 కాదు, 13.5 చుట్టుపక్కల.

ఇంటర్‌కూలర్ తర్వాత గాలి బయటి వేడికన్నా 15-20 డిగ్రీలకి మించి ఎక్కువ ఉంటే ముందు దాని ముఖం చూడండి. దాళ్వా, సార్వా కోతలప్పుడు రోడ్డంతా ఊక, గడ్డి నుసి. రాత్రి దీపాలకి వచ్చే పురుగులు ఫిన్ల మీద అంటుకుంటాయి, వాటిమీద ఆ నుసి పేరుకుని అట్ట కడుతుంది. బయటికి మాసినట్టే కనిపిస్తుంది గానీ గోటితో గీకితే పొరలా ఊడొస్తుంది. వెనకవైపు నుంచి తక్కువ ప్రెషర్ నీళ్లతో కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే ఫిన్లు వంగిపోతాయి. కోతల కాలంలో ముందు జాలీ పెట్టి, గాలి ఫిల్టర్లు కూడా రెండింటినీ కలిపే మార్చండి. ఒకటి మూసుకుపోతే ఆ వైపు టర్బో అదనంగా తిరగాల్సి వస్తుంది.

పెట్రోలు అనుమానమైతే లీటరు సీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే నీళ్లు చేరి ఇథనాల్‌ను పట్టుకుని దిగిపోయాయన్నమాట. పైన మిగిలిన పెట్రోలు ఆక్టేన్ తగ్గిపోయి ఉంటుంది. ట్యాంకు ఖాళీ చేయడం తప్ప దారి లేదు. 95కి ట్యూన్ చేసిన బండికి దారిలో అంతకన్నా తక్కువ ఆక్టేన్ పెట్రోలే దొరికితే బూస్ట్ జోలికి పోకుండా ఇంటికి రండి.

నాకింగ్ వినిపించిన తర్వాత ప్లగ్గులన్నీ విప్పి పింగాణీ చూడండి. నల్ల చుక్కలుంటే హెచ్చరిక. వెండి రంగు మెరుపులుంటే పిస్టన్ కరుగుతోంది, బోర్‌స్కోప్ (ప్లగ్గు రంధ్రంలోంచి లోపలికి చూసే సన్న కెమెరా) పెట్టి చూడకుండా మళ్లీ స్టార్ట్ చేయకండి.

పై ఆర్పీఎంలో మిస్ కొడుతోంది

ల్యాంబ్డా మామూలుగా ఉండి, లోడ్‌లో తడబడితే స్పార్క్ ఆరిపోతోంది. ప్లగ్గు గ్యాప్ 0.6-0.7 మి.మీ.కి తగ్గించండి, ఒక మెట్టు చల్లటి ప్లగ్గు వాడండి, తర్వాత కాయిల్స్ చూడండి.

ల్యాంబ్డా 0.80 నుంచి 0.90 వైపు జారుతుంటే పెట్రోలు చాలడం లేదు. లెక్క వేసుకోండి: 550 హార్స్‌పవర్, ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి 0.65 పౌండ్లు, 8 ఇంజెక్టర్లు, 80 శాతం డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం). ఒక్కోదానికి గంటకి 56 పౌండ్లు, అంటే నిమిషానికి 590 సీసీ. ఈ20కి ఇంకో 8-9 శాతం కలిపితే 640 సీసీ. ఇంజెక్టర్లు సరిపోతే పంపు దగ్గర వోల్టేజి చూడండి. ఫుల్ లోడ్‌లో 13 కన్నా తగ్గకూడదు. కాకినాడ, అంతర్వేది వైపు ఉప్పు గాలికి బాడీ ఎర్త్ కింద పచ్చగా చిలుం పడుతుంది. పంపు మార్చేముందు ఆ బోల్టు విప్పి గీకి బిగించండి. రిటర్న్ లైన్ ఉన్న సిస్టమ్‌లో పెట్రోలు ప్రెషర్ బూస్ట్‌తో సమానంగా పెరగాలి. ఐడిల్‌లో వాక్యూమ్ హోస్ తీసి చూస్తే 3 బార్ ఉన్నది, అర బార్ బూస్ట్‌లో 3.5 చూపాలి.

ఈ పరీక్షలన్నీ డైనో (బండిని నిలబెట్టి నడిపి పవర్ కొలిచే యంత్రం) మీదో, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై లాంటి ట్రాక్ మీదో చేయాలి. కాలువ గట్టు రోడ్లు, 216 జాతీయ రహదారి వీటికి కావు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ మారేలా రోడ్డు బండిని మార్చడం కుదరదు. 182ఏ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండవచ్చు. కిట్టు కొనకముందే ఇది ఆలోచించుకోండి.

చప్పుళ్లు

కాలు తీయగానే పిట్ట కూసినట్టు దడదడలాడితే కంప్రెసర్ సర్జ్ (గాలి కంప్రెసర్‌లోకి వెనక్కి తన్నడం), బ్లో-ఆఫ్ వాల్వ్ (కాలు తీసినప్పుడు మిగిలిన బూస్ట్‌ను వదిలేది) తెరుచుకోవడం లేదు. సన్నని ఈల గాలి లీకు. సైరన్‌లా పెరిగే ఊళ వినిపిస్తే ఇంజన్ ఆపి, చల్లారాక రెండు షాఫ్టులూ చేత్తో కదిపి చూడండి. జర్నల్ బేరింగ్‌లో పక్కలకి కొంచెం ఆట సహజమే. ముందుకీ వెనక్కీ కదలిక చేతికి తెలిసిందంటే కోర్ మార్చాలి. అదీ, మొదట ఆయిల్ లైన్లు బాగుచేశాకే.

నీళ్లలో ఆగిపోయింది

చాలా కిట్లలో గాలి ఫిల్టర్లు బంపర్ వెనక కిందికి ఉంటాయి. లంక గ్రామాల కాజ్‌వేల మీద, వాన కురిసిన రోడ్ల మీద ఒక జానెడు నీరే చాలు లోపలికి లాగడానికి. ఇంజన్ నీళ్లలో ఆగితే ఒక్కసారి కూడా సెల్ఫ్ కొట్టకండి. బ్యాటరీ తీసి, తోయించి గట్టు మీదికి తెచ్చి, ప్లగ్గులన్నీ విప్పి, ఇంజన్‌ని చేత్తో తిప్పి నీళ్లు పోనివ్వండి.

ఇక్కడ అందరూ మర్చిపోయేది ఇంటర్‌కూలర్. దాని అడుగున లీటర్ల కొద్దీ నీరు నిలుస్తుంది. ఇంజన్ ఆరబెట్టి, ఆయిల్ మార్చి స్టార్ట్ చేస్తే ఐడిల్ చక్కగా ఉంటుంది. మొదటిసారి బూస్ట్ రాగానే ఆ నీళ్లన్నీ ఒక్కసారి సిలిండర్లలోకి వెళ్లి రాడ్ వంగుతుంది. కాబట్టి కింది పైపులు రెండూ విప్పి, ఇంటర్‌కూలర్ దించి వంచి గాలి కొట్టండి. తర్వాత కంప్రెషన్ టెస్ట్ చేయండి. ఒక సిలిండర్ మిగతావాటికన్నా బాగా తగ్గితే రాడ్ అప్పటికే వంగినట్టు, హెడ్ విప్పాలి. అన్నీ సమానంగా ఉంటే కొత్త ఆయిల్ పోసి పది నిమిషాలు ఐడిల్‌లో నడిపి, దాన్నీ దించేసి, ఫిల్టర్‌తో సహా మళ్లీ మార్చండి. టర్బో బేరింగుల్లో చేరిన నీళ్లు ఆ రెండో మార్పుతోనే బయటికి వస్తాయి.